బడ్జెట్‌లో మహిళలకి కుట్టు మిషన్లు తప్ప ఇంకేం ఉండవా?

పటమట_పద్మ

ఒక కార్పొరేషన్ డ్రాఫ్ట్ బడ్జెట్ పుస్తకం చేతికొచ్చింది, ఏ ఊరిదో ఇక్కడ అనవసరం. పుస్తకమంతా తిరగేస్తే "మహిళా శిశు సంక్షేమం" అని ఒకే ఒక్క లైను కనపడింది. దాని కింద కుట్టు మిషన్ల శిక్షణ, మార్చి 8 కార్యక్రమం. అంతే, అయిపోయింది. విజయవాడలో 64 డివిజన్లు, గుంటూరులో 57. రెండు చోట్లా చట్టప్రకారం సగం సీట్లు ఆడవాళ్ళవే. అంతమంది కూర్చుని ఆమోదించే బడ్జెట్‌లో ఆడవాళ్ళ వాటా ఆ ఒక్క లైనేనా? మొదటిసారి గెలిచిన కార్పొరేటర్ ఒకావిడ కౌన్సిల్లో ఏం అడగాలో చెప్పమంటున్నారు. ఖర్చులో ఆడవాళ్ళ వాటా ఎంతో లెక్క చూడడమే జెండర్ బడ్జెట్, దాని మీద ఉపన్యాసం వద్దు. ఏ పేజీ తీయాలి, ఏ ప్రశ్న వేయాలి, అది చెప్పండి.

లెక్కల_పంతులు

ముందు ఆ లైను పక్కన పెట్టి మిగతా పుస్తకం తీయండి.

ప్రతి పద్దుకీ నాలుగు గడులుంటాయి. పోయినేడు అసలు ఖర్చు, ఈ ఏడు అంచనా, ఈ ఏడు సవరించిన అంచనా, వచ్చే ఏడు అంచనా. అందరి కళ్ళూ చివరి గడి మీదకే పోతాయి. మీరు మొదటి గడి చూడండి. అంచనాలో ఏటా ఘనంగా రాసి, అసలు ఖర్చు దగ్గరికొచ్చేసరికి సున్నా వస్తుంటే ఆ పద్దు పుస్తకం అందానికి ఉందని అర్థం.

తర్వాత ఖాతా కోడ్లు. మన మున్సిపాలిటీలు జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ పద్ధతిలో రాస్తాయి కాబట్టి 210 అంటే జీతభత్యాలు, 220 ఆఫీసు ఖర్చులు, 230 నిర్వహణ, 250 కార్యక్రమాల ఖర్చు, 412 జరుగుతున్న నిర్మాణ పనులు. మీరు చూసిన లైను 250లోది. నీళ్ళ సరఫరా, వీధి లైట్లు, మరుగుదొడ్డి తాళం తీసే మనిషి, కాలవ పూడిక, ఇవన్నీ 230లో ఉంటాయి. కొత్త పైపులైను, కొత్త రోడ్డు 412లో. ఆడవాళ్ళ రోజు ఎలా గడుస్తుందో తేల్చేవి ఈ రెండే.

230లో పెద్ద మొత్తాలున్న పది లైన్లు తీసుకోండి. ఒక్కోదానికీ మూడు ప్రశ్నలు. దీన్ని వాడేది ఎవరు? ఇది పనిచేయని రోజు ఆ చాకిరీ ఎవరి నెత్తిన పడుతుంది? డివిజన్ల వారీగా ఎంతెంత ఖర్చయింది? మూడోదానికి చాలాచోట్ల లెక్కే ఉండదు. "లేదు" అని అధికారితో సభలో చెప్పించి మినిట్స్‌లో, అంటే సభ రికార్డులో, ఎక్కించండి. వచ్చే ఏడు లెక్క రావడానికి అదే దారి.

గుంటూరు_ఘాటు

పంతులు గారితో సగమే ఒప్పుకుంటా. అన్ని లైన్లలోనూ ఆడవాళ్ళు ఉన్నారంటే చివరికి ఏ లైన్లోనూ లేకుండా పోతారు. విడిగా శాతం రాసి ఉంటేనే గట్టిగా పట్టుకుని అడగడానికి ఏదన్నా ఉంటుంది. కేరళలో 1996లో ప్రజా ప్రణాళిక మొదలైనప్పటి నుంచీ స్థానిక సంస్థల ప్లాన్ నిధుల్లో 10 శాతం మహిళా ప్రణాళికకి పెట్టాలన్నారు. ఆ శాతం లేకపోతే అక్కడా ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

మాజీ_ఈవోపీఆర్డీ

శాతం మన దగ్గరా ఉంది ఘాటు గారూ, జిల్లా, మండల పరిషత్తుల్లో. సాధారణ నిధుల పంపకం ఇలా: పనులకి 35, ఆఫీసు నిర్వహణకి 16, ఎస్సీ సంక్షేమానికి 15, మహిళా శిశు సంక్షేమానికి 15, తాగునీటికి 9, ఎస్టీ సంక్షేమానికి 6, అత్యవసర ఖర్చులకి 4. కూడితే వంద.

చెడేది ఇక్కడ. మొదటిది, ఈ 15 శాతం లెక్కగట్టేది సాధారణ నిధుల మీదే. పైనుంచి వచ్చే గ్రాంట్లు ఈ లెక్కలోకి రావు. సొంత ఆదాయం తక్కువున్న మండలంలో 15 శాతం అంటే ఒక అంగన్‌వాడీ ప్రహరీ గోడకి కూడా చాలదు. రెండోది, ఏడాది మొదట్లో ప్రతిపాదనలు అడగరు. డిసెంబర్ దాటాక "మహిళా నిధులు మిగిలిపోయాయి" అని హడావిడి పడి ఏదో ఒకటి కొనేస్తారు. కుట్టు మిషన్లు అక్కడి నుంచే వస్తాయి. ఎస్టిమేట్ అక్కర్లేదు, స్థలం అక్కర్లేదు, ఫోటో బాగా వస్తుంది. మూడోది, ఖర్చు కాని మొత్తాన్ని పనుల ఖాతాకి మళ్ళించడం. ఆడిట్ అభ్యంతరాల్లో ఏటా కనపడే పాట ఇది.

సభ్యురాలు అడగాల్సింది ఇయర్‌మార్క్ రిజిస్టరు, అంటే ఈ వాటాల లెక్క రాసే పుస్తకం. అందులో ఈ ఏడు జమ, ఖర్చు, పోయినేళ్ళ బకాయి మూడూ ఉండాలి. బకాయి గడి ఖాళీగా ఉంటే అక్కడే వేలు పెట్టండి.

తెనాలి_తమ్ముడు

2021 ఎన్నికల్లో ఉమ్మడి గుంటూరు జడ్పీకి కత్తెర హెనీ క్రిస్టినా గారు, కృష్ణా జడ్పీకి ఉప్పాల హారిక గారు చైర్‌పర్సన్లయ్యారు. రెండు జడ్పీలకీ మహిళలే. అట్లాంటప్పుడు ఈ 15 శాతం గురించి సర్వసభ్య సమావేశాల్లో రోజంతా చర్చ జరగాలి కదండీ.

కృష్ణలంక_కబుర్లు

పద్మ గారి ప్రశ్న డివిజన్ గురించి. లైట్ల సంగతి ఎవరన్నా చెప్పండి. రాత్రి షిఫ్టు దిగి వచ్చే నర్సమ్మలకి అన్నిటికన్నా ముందు కావాల్సింది అదే.

ఏఈ_రిటైర్డ్

లైట్ల గురించి అడిగేవాళ్ళు "మా డివిజన్లో లైట్లు లేవు" అంటారు. దానికి అధికారి "ఇన్ని వందల ఎల్ఈడీలు వేశాం" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, పని మాత్రం కాదు. ఇలా చేయండి.

చీకటి పడ్డాక 7 నుంచి 9 మధ్య నలుగురు ఆడవాళ్ళు కలిసి నడవాలి. ఏ స్తంభం నంబరు నుంచి ఏ నంబరు దాకా వెలగడం లేదో రాయాలి. ఒక్క లైటు పోతే అది బల్బు సంగతి. వరసగా ఆరేడు పోతే ఫేజు పోయినట్టు, లేదా కంట్రోల్ బాక్సు పోయినట్టు. ఇవి రెండు వేర్వేరు రిపేర్లు, వేర్వేరు మనుషులు చేస్తారు. ఈ తేడా రాసిస్తే "చూస్తాం" అనడానికి వీలుండదు. లైటు వెలుగుతున్నా కింద చీకటిగా ఉంటే పైన వేపకొమ్మ అడ్డొచ్చిందని. కొమ్మలు కొట్టేది ఉద్యాన విభాగం, లైట్ల విభాగం కాదు. ఒకే కాగితం ఇద్దరికీ ఇవ్వండి.

ఇంకోటి, ఎవరూ చూడనిది, టైమరు. మన వైపు జూన్‌లో పొద్దు గుంకేది 6.40 ప్రాంతంలో. డిసెంబర్ మొదట్లో 5.40కే చీకటి పడిపోతుంది. ఎండాకాలంలో 6.40కి పెట్టిన టైమరు మార్చకుండా వదిలేస్తే చలికాలమంతా రోజూ గంట చీకటి. ట్యూషన్ల నుంచి ఆడపిల్లలు వచ్చేది సరిగ్గా ఆ గంటలోనే. సూర్యాస్తమయాన్ని బట్టి తనే మారే ఆస్ట్రో టైమర్లు ఉన్నాయి. మీ డివిజన్ బాక్సుల్లో ఏవి ఉన్నాయో అడగండి. మామూలు టైమరే ఉంటే దాని వేళ మార్చడం పైసా కొత్త ఖర్చు లేకుండా అయ్యే పని.

కృష్ణలంక_కబుర్లు

ఈ టైమర్ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. ఇవాళే మా సందులో బాక్సు చూస్తా.

ఏఈ_రిటైర్డ్

చూడండి గానీ తలుపు తీయకండి, లోపల కరెంటు. బాక్సు నంబరు రాసుకుంటే చాలు.

ఆర్పీ_అక్క

మరుగుదొడ్ల గురించి నేను చెప్తా. స్వచ్ఛ భారత్ పట్టణ మిషన్ లెక్క ప్రకారం బస్తీలో కట్టే సామూహిక మరుగుదొడ్డికి 35 మంది మగవాళ్ళకి ఒక సీటు, 25 మంది ఆడవాళ్ళకి ఒక సీటు ఉండాలి. కట్టేటప్పుడు ఏం చేస్తారంటే అటు నాలుగు, ఇటు నాలుగు వేసి సమానం అంటారు. మగవాళ్ళ వైపు యూరినల్స్ అదనం. అంటే సమానం అన్న మాటలోనే ఆడవాళ్ళకి తగ్గిపోయింది. వంద మంది మగవాళ్ళు, వంద మంది ఆడవాళ్ళు ఉంటే మిషన్ లెక్కలో అటు మూడు, ఇటు నాలుగు రావాలి. ప్లాన్ కాగితం మీదే ఇది పట్టుకోవాలి, గోడలు లేచాక ఎవరూ మార్చరు.

కట్టడం 412లో ఒక్కసారి ఖర్చు. నడపడం 230లో ప్రతి నెలా ఖర్చు. 412లో డబ్బు పెట్టి 230లో పెట్టకపోతే ఆరు నెలల్లో తాళం పడుతుంది. నడపడం అంటే పైనున్న ట్యాంకులోకి నీళ్ళెక్కించే మోటారు కరెంటు బిల్లు, రెండు పూటలా మనిషి, ఫినాయిల్, మూత ఉన్న చెత్తబుట్ట ప్రతి గదిలోనూ. చెత్తబుట్ట లేకపోతే ప్యాడ్లు కుండీలో పడి పైపు మూసుకుపోతుంది. మూసుకుపోయిందని తాళం వేస్తారు. తాళం వేశారు కాబట్టి ఆడవాళ్ళు వాడటం లేదని రిపోర్టు రాస్తారు. తలుపుకి లోపల గడియ, చీర కొంగో బ్యాగో తగిలించుకోడానికి ఒక మేకు, ఇవి ఎస్టిమేట్‌లో రాయించండి. చిన్నవే, లేకపోతే ఎవరూ లోపలికి వెళ్ళరు.

డబ్బులు కూడా. చాలాచోట్ల యూరినల్ ఉచితం, లోపలి గదికి రుసుము. రోజుకి మూడుసార్లు వెళ్ళే పూలమ్మే ఆవిడ మూడుసార్లూ కడుతుంది, పక్క బండి ఆయన ఒక్కసారీ కట్టడు. కాంట్రాక్టు షరతుల్లో "మహిళలకి మూత్రవిసర్జన ఉచితం" అని ఒక్క వాక్యం ఉండాలి. టెండరు పిలిచే ముందే.

పటమట_పద్మ

ఆర్పీ అక్కా, ఈ మేకు సంగతి ఏ హ్యాండ్‌బుక్కులోనూ రాయరు. ఇట్లాంటివే కావాలి నాకు.

బ్రాడీపేట_4/14

ఒక చిక్కు ఉంది. ఏ సంచీ ఎవరిదో తెలియకుండా కౌన్సిల్లో అడిగితే "అది మా పరిధి కాదు" అని ఒక్క మాటతో కూర్చోబెడతారు. గుంటూరు మిర్చి యార్డులో తొడిమలు తీసే పని, గ్రేడింగు చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఎండాకాలమంతా ఆ ఘాటులో. వాళ్ళకి మరుగుదొడ్డి, నీళ్ళు, పసిపిల్లల్ని పడుకోబెట్టే గది కావాలంటే అడగాల్సింది వ్యవసాయ మార్కెట్ కమిటీని, కార్పొరేషన్‌ని కాదు. బస్టాండు లోపల ఆర్టీసీ, బస్టాండు గేటు బయట ఫుట్‌పాత్ కార్పొరేషన్. అంగన్‌వాడీ టీచరు స్త్రీ శిశు సంక్షేమ శాఖ మనిషి, కానీ ఆ భవనానికి వెళ్ళే కాలవ పలక కార్పొరేషన్ పని. సమస్యల చిట్టా రాసేటప్పుడు పక్కన ఇంకో గడి గీసి "ఎవరి డబ్బు" అని రాయండి.

లెక్కల_పంతులు

ఇది చాలా ముఖ్యం. నేను మర్చిపోయాను.

సింగ్‌నగర్_శ్రీను

అన్నీ బాగానే ఉన్నాయి. కానీ గెలిచిన ఆవిడ బదులు ఆయన తిరిగితేనే పనులవుతున్నాయి, ఉన్న మాట చెప్పుకోవాలి. ఆయనకి ఆఫీసుల్లో పరిచయాలుంటాయి. భర్త సాయం చేస్తే తప్పేంటి? అది వాళ్ళింటి విషయం.

గుంటూరు_ఘాటు

ఇంటి విషయం ఎట్లా అవుతుంది శ్రీనూ? ఓటు వేసింది ఆవిడ పేరుకి.

మాజీ_ఈవోపీఆర్డీ

శ్రీను గారూ, సాయానికి నేనూ అడ్డు చెప్పను. బండి మీద దింపితే సాయం. ఆవిడ సంతకం ఆయన పెడితే నేరం. పంచాయతీలో ఇది ఎట్లా జరుగుతుందో చెప్తాను.

ఆర్థిక సంఘం నిధుల చెల్లింపు ఇప్పుడు చెక్కు మీద కాదు, పంచాయతీల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో. పని ప్రణాళికలో ఉండాలి, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలతల పుస్తకంలో రాయాలి, బిల్లు తయారవ్వాలి, కార్యదర్శి చెల్లింపు ఆర్డరు తయారుచేసి పంపాలి, సర్పంచ్ తన డిజిటల్ సంతకంతో ఖరారు చేయాలి. ఆ సంతకం పెన్‌డ్రైవ్ లాంటి చిన్న టోకెన్‌లో ఉంటుంది, దానికి ఒక పిన్. టోకెన్ ఆయన జేబులో, పిన్ కంప్యూటర్ ఆపరేటర్ నోట్లో ఉంటే ఆవిడ సంతకంతో ఎవరికి ఎంత వెళ్ళిందో ఆవిడకే తెలీదు. రేపు ఆడిట్‌లో సర్‌చార్జి, అంటే పోయిన డబ్బు తిరిగి కట్టమని, పడితే నోటీసు వచ్చేది ఆవిడ పేరుకే. "మా ఆయన చేశారు" అన్న జవాబు అక్కడ చెల్లదు.

కాబట్టి గెలిచిన మొదటి నెలలో చేయాల్సినవి: డిజిటల్ సంతకానికి దరఖాస్తులో ఇచ్చే ఫోన్ నంబరు, మెయిలు ఆవిడవే అవ్వాలి. పిన్ ఆవిడే పెట్టుకోవాలి. బ్యాంకు ఖాతాల మెసేజీలు ఆవిడ ఫోనుకి రావాలి. టోకెన్ పోయిందనో వేరేవాళ్ళ దగ్గర ఉందనో అనుమానం వస్తే పాతది రద్దు చేయించి కొత్తది తీసుకోవచ్చు. ప్రతి చెల్లింపుకి ముందు కొలతల పుస్తకంలో ఆ పేజీ చూపించమనాలి. ఇవి రెండు మూడు పూటల్లో నేర్చుకోగలిగిన పనులు. చదువు తక్కువైనా సరే, అంకెలు తెలిస్తే చాలు. డ్వాక్రా సంఘం పుస్తకాలు రాసిన ఆడవాళ్ళు ఇంతకంటే కష్టమైన లెక్కలు రాశారు.

తెనాలి_తమ్ముడు

దీని మీద సుప్రీంకోర్టు దాకా కేసు వెళ్ళింది. ఆ తర్వాత కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో కమిటీ వేసింది, ఆ కమిటీ 2025 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. మహిళల బదులు మగవాళ్ళు పెత్తనం చేయడాన్ని ఎట్లా ఆపాలన్నదే మొత్తం విషయం. ఇంటి విషయమైతే ఇంత దూరం వచ్చేదా.

సింగ్‌నగర్_శ్రీను

టోకెన్ సంగతి ఇంత ఉందని తెలీదు. సర్‌చార్జి ఆవిడ మీదే పడుతుందంటే నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

లెక్కల_పంతులు

మహిళలు నిజంగా కుర్చీలో కూర్చుంటే ఖర్చు మారుతుందా అన్నదానికి ఆధారం ఉంది. రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీల్లో రిజర్వేషన్‌తో మహిళలు అధ్యక్షులైన చోట్ల తాగునీటి మీద పెట్టుబడి పెరిగింది. బెంగాల్‌లో రోడ్ల మీదా పెరిగింది, ఎందుకంటే అక్కడ ఆడవాళ్ళు పనికి వెళ్ళడానికి రోడ్డు అడిగారు. రాజస్థాన్‌లో రోడ్ల కోసం ఎక్కువ అడిగింది మగవాళ్ళు, మహిళా సర్పంచులున్న చోట రోడ్ల మీద తగ్గింది. అంటే "ఆడవాళ్ళకి ఇవి కావాలి" అని ముందే రాసి పెట్టుకోకూడదు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఏం అడుగుతున్నారో వినాలి.

గుంటూరు_ఘాటు

వినడానికే మహిళా సభ. గ్రామసభకి ముందు విడిగా పెట్టాలంటారు, పెట్టేవాళ్ళు ఎంతమంది?

మాజీ_ఈవోపీఆర్డీ

పెట్టినా తేదీ, వేళ తప్పుగా పెడతారు. ఉదయం పదింటికి పెడితే కూలికి వెళ్ళే ఆడవాళ్ళు ఒక్కరూ రారు. మిరప కోతల్లో, నాట్లలో పగలు పెట్టడం అంటే రావద్దని చెప్పడమే. సాయంత్రం ఐదు దాటాక, సంఘం మీటింగు ఉన్న రోజునే, వీవో (డ్వాక్రా సంఘాల గ్రామ సమాఖ్య) ఆఫీసు దగ్గర పెడితే నిండిపోతుంది.

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ప్రచారం సాధారణంగా అక్టోబర్ 2 నుంచి జనవరి 31 దాకా. ఆ నాలుగు నెలల్లో ప్రణాళికలో చేరని పనికి తర్వాత డబ్బు కట్టడం కష్టం, అనుబంధ ప్రణాళిక చేసుకోవాలి. ఈ ప్రణాళికకి పెట్టిన తొమ్మిది ఇతివృత్తాల్లో తొమ్మిదోది మహిళలకి అనుకూలమైన పంచాయతీ. కానీ అన్నీ ఆ తొమ్మిదో దాంట్లో తోసేయకండి.

15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన నిధుల్లో 60 శాతం ఫలానా పనికే వాడాలని కట్టుబడి ఉన్నవి. 30 తాగునీటికి, 30 పారిశుద్ధ్యానికి. మిగతా 40 ఊరి ఇష్టం, జీతాలకి మాత్రం వాడకూడదు. ఆ లెక్కన పది లక్షలొస్తే మూడు లక్షలు నీళ్ళకి, మూడు లక్షలు పారిశుద్ధ్యానికి, నాలుగు లక్షలు మిగతావాటికి. ఆడవాళ్ళు సభలో అడిగేవాటిలో ఎక్కువ భాగం ఈ ఆరు లక్షల్లోనే ఇమిడిపోతాయి. ఆ నాలుగు లక్షల కోసం సిమెంటు రోడ్డుతో పోట్లాడి ఓపిక పోగొట్టుకోవద్దు. ముందు ఆరు లక్షలు సరిగా ఖర్చయ్యేట్టు చూడండి.

ఆర్పీ_అక్క

నీళ్ళ లెక్క కూడా చేతిలో పెట్టుకుని వెళ్ళండి. జల్ జీవన్ మిషన్ ప్రకారం పల్లెలో మనిషికి రోజుకి 55 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 275. పదిహేను లీటర్ల బిందెతో పద్దెనిమిది బిందెలు దాటుతుంది. కుళాయి రాని రోజు ఆ పద్దెనిమిది బిందెలు మోసేది ఎవరో సభలో అడగండి. "సరఫరాలో అంతరాయం" అని రాసే చోట "ఇంటికి పద్దెనిమిది బిందెలు" అని రాయించండి. విజయవాడ కొండ ప్రాంతాల్లో అయితే ఆ బిందెలు మెట్ల మీద మోయాలి. అక్కడ పైకి నీళ్ళెక్కించే బూస్టర్ పంపు రిపేరు 230లో ఒక చిన్న లైను, దాన్ని కోసేస్తే మోకాళ్ళు అరిగేది ఆడవాళ్ళవి.

బ్రాడీపేట_4/14

నీళ్ళంటే గుంటూరు 2018 మార్చి గుర్తుకు రావాలి. తాగునీళ్ళలో మురుగు కలిసి డయేరియా, ప్రాణాలు పోయాయి. పైపులైను కాలవలోంచి వెళ్ళే చోట్లు ఎన్ని ఉన్నాయో ప్రతి డివిజన్‌లో జాబితా ఉండాలి. దీన్నెవరూ మహిళల లైను అనరు. జబ్బు పడ్డవాళ్ళ పక్కన ఆస్పత్రిలో రాత్రంతా కూర్చున్నది, కూలి పోగొట్టుకున్నది ఎవరు మరి?

సింగ్‌నగర్_శ్రీను

2024 సెప్టెంబర్ బుడమేరు వరద సంగతీ రాయండి. ఇళ్ళ లెక్కలో కింది అంతస్తుకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అన్నారు. లెక్కంతా ఇంటికి. ఇంట్లో ఉన్న ఆవిడ నాలుగిళ్ళలో పనిచేసేది, ఆ నాలుగిళ్ళూ మునిగాయి, ఆవిడ జీతం పోయింది. ఆ నష్టానికి ఫారంలో గడి లేదు. కుట్టు మిషను, దోశల బండి, ఇంట్లో పెట్టిన చీరల మూట, ఇవి కూడా జీవనోపాధి కింద రాయించాలి. పునరావాస కేంద్రంలో ప్యాడ్లు, గర్భిణులకి మంచం, పాలిచ్చే తల్లులకి అడ్డు తెర, ఇవన్నీ వరదొచ్చాక కొనేవి కావు. వర్షాలకి ముందే స్టాకు జాబితాలో ఉండాలి.

పటమట_పద్మ

శ్రీను గారూ, ఇది నా చిట్టాలో మొదటి పేజీలోకి వెళ్తుంది. ఒక సందేహం. డివిజన్ వారీ లెక్కలు కార్పొరేటర్‌కి కూడా ఇవ్వకపోతే ఎట్లా?

లెక్కల_పంతులు

బడ్జెట్, చేసిన ఖర్చుల వివరాలు అడక్కుండానే బయటపెట్టాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చెబుతోంది. పెట్టకపోతే దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. కాపీ పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. "మహిళలకి ఎంత ఖర్చు చేశారు" అని అడగొద్దు, "విడిగా లెక్క నిర్వహించడం లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "ఫలానా డివిజన్‌లో ఫలానా సంవత్సరం వీధి దీపాల నిర్వహణ బిల్లుల నకళ్ళు" అని అడగండి. బిల్లు ఉన్నదే కాబట్టి ఇవ్వక తప్పదు.

తెనాలి_తమ్ముడు

వార్డు సచివాలయాలు మర్చిపోకండి. ఆరోగ్య కార్యదర్శి దగ్గర గర్భిణుల లెక్క, సంక్షేమ కార్యదర్శి దగ్గర పింఛన్ల లెక్క, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింది మహిళా సంఘాల లెక్క వాటిని చూసే ఆర్పీల (రిసోర్స్ పర్సన్ల) దగ్గర. మూడూ ఒక కాగితం మీదకి తెస్తే డివిజన్ బొమ్మ కనపడుతుంది.

గుంటూరు_ఘాటు

నేను శాతం మాట వదలను. కేంద్రం 2005-06 నుంచి జెండర్ బడ్జెట్ స్టేట్‌మెంట్ ఇస్తోంది. నూరు శాతం మహిళలకే ఉన్నవి ఒక భాగం, 30 శాతం పైనున్నవి రెండో భాగం, 30 లోపున్నవి 2024-25 నుంచి మూడో భాగం. మన రాష్ట్రం 2021-22లో విడిగా జెండర్ బడ్జెట్ పెట్టింది. కార్పొరేషన్లు కూడా అట్లాంటి పట్టిక వేయాలి.

బ్రాడీపేట_4/14

వేయాలి, కానీ ఆ పట్టికలో మోసపోయే చోటు తెలిసి వేయాలి. కేంద్రం పట్టికలో ఇళ్ళ పథకం మొత్తాన్నీ నూరు శాతం మహిళల ఖర్చుగా చూపిస్తారన్న విమర్శ ఎప్పటినుంచో ఉంది. పట్టా ఆవిడ పేరున ఉందని ఇంట్లో నలుగురి గోడల ఖర్చూ ఆవిడ ఖాతాలో వేస్తే శాతం ఘనంగా కనిపిస్తుంది. కార్పొరేషన్ పట్టిక వేస్తే ప్రతి లైను పక్కనా ఆ శాతం ఎట్లా వచ్చిందో ఒక వాక్యం రాయాలి. "వాడేవాళ్ళలో ఇంతమంది మహిళలు, ఫలానా రోజు లెక్కపెట్టాం" అని.

గుంటూరు_ఘాటు

దానికి ఒప్పుకుంటా. శాతం ఉండాలి, శాతం పక్కన లెక్క ఉండాలి.

తెనాలి_తమ్ముడు

వీటన్నిటికీ అడ్డొచ్చేది రొటేషన్, అంటే రిజర్వు సీట్లని మార్చి మార్చి తిప్పడం. ఐదేళ్ళు తిప్పలు పడి ఒకావిడ బడ్జెట్ చదవడం నేర్చుకునేసరికి ఆ సీటు జనరల్ అయిపోతుంది, పార్టీ టికెట్ మగవాళ్ళకి పోతుంది. జనరల్ అంటే మగవాళ్ళ సీటని రాయలేదు కదా ఎక్కడా. విజయవాడలో 2000లో జనమే నేరుగా ఓటేసి పంచుమర్తి అనురాధ గారిని మేయర్ని చేశారు, 2021లో రాయన భాగ్యలక్ష్మి గారు కౌన్సిల్ ఎన్నికతో మేయరయ్యారు. డివిజన్లలో రెండోసారి, మూడోసారి గెలిచిన మహిళలు ఎక్కువైతేనే స్టాండింగ్ కమిటీలో గట్టి గొంతు ఉంటుంది. మహిళా రిజర్వేషన్‌కి 106వ రాజ్యాంగ సవరణ వచ్చిందిగా అంటారు కొందరు, అది లోక్‌సభకీ అసెంబ్లీలకీ. ఇక్కడ టికెట్ల పోరు విడిగా చేయాల్సిందే.

ఆర్పీ_అక్క

ఇద్దరు పిల్లల నిబంధన 2024 నవంబర్‌లో తీసేశారు, అదొక మేలు. మూడో కాన్పు నిర్ణయం ఆవిడ చేతిలో లేకపోయినా పోటీకి అనర్హురాలయ్యేది.

పటమట_పద్మ

ఇప్పటిదాకా రాసుకున్న ప్రశ్నలు ఇవి, తప్పులుంటే దిద్దండి.

ఒకటి, మహిళా శిశు సంక్షేమం పద్దులో గత మూడేళ్ళ అంచనా, అసలు ఖర్చు ఎంత? రెండు, డివిజన్‌లో ఏ కంట్రోల్ బాక్సుకి ఎలాంటి టైమరు ఉంది? మూడు, పబ్లిక్ టాయిలెట్లలో ఆడవాళ్ళ సీట్లు, మగవాళ్ళ సీట్లు, యూరినల్స్ ఎన్ని, ఇవాళ తెరిచి ఉన్నవి ఎన్ని? నాలుగు, కొండ ప్రాంత బూస్టర్ పంపులు పోయినేడు ఎన్ని రోజులు ఆగాయి? ఐదు, వానాకాలం స్టాకు జాబితాలో ప్యాడ్లు ఉన్నాయా?

లెక్కల_పంతులు

నాలుగో ప్రశ్న మార్చండి. "ఎన్ని రోజులు ఆగాయి" అంటే "తరచుగా ఆగలేదు" అంటారు. పంపు హౌసులో లాగ్‌బుక్ ఉంటుంది, ఆపరేటర్ గంటల వారీగా రాస్తాడు. "లాగ్‌బుక్ నకలు సభ ముందు పెట్టండి" అని అడగండి. ఐదోదానికి "ఎన్ని ప్యాకెట్లు, ఏ గోడౌన్‌లో" అని చేర్చండి.

ఏఈ_రిటైర్డ్

ప్రశ్నలు రాతపూర్వకంగా కౌన్సిల్ సెక్షన్‌లో ముందే ఇచ్చి, నకలు మీద స్టాంపు, తేదీ వేయించుకోవాలి. సభలో నోటితో అడిగి వదిలేసినవి చాలాసార్లు మినిట్స్‌లోకి రావు. ఇంకో మాట, ఫిబ్రవరి దాకా ఆగకండి. విభాగాలు అంచనాలు తయారుచేసేది నవంబర్, డిసెంబర్‌లో. కౌన్సిల్‌కి వచ్చేసరికి అంకెలు గట్టిపడిపోతాయి, అప్పుడు ఒక లైను పెంచాలంటే ఇంకో లైను కోయాలి, ఎవరూ ఒప్పుకోరు.

ఆర్పీ_అక్క

పద్మా, మూడో ప్రశ్నకి జవాబు వాళ్ళు ఇచ్చేలోపు మీరే ఒకసారి లెక్కపెట్టుకోండి. ఆదివారం సాయంత్రం ఆరింటికి వెళ్ళండి, సందడి ఎక్కువ ఉండే వేళ. తాళం ఉంటే ఫోటో తీసి టైము రాయండి. వన్‌టౌన్ వైపు నేను వస్తా, నాతో ఇంకో ఇద్దరు.

పటమట_పద్మ

ఆదివారం ఆరింటికి, కాళేశ్వరరావు మార్కెట్ గేటు దగ్గర.